కంపెనీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ పొర ఉంచాలా, తీసేయాలా? టీవీ ముందు యాక్రిలిక్ షీటు పనికొస్తుందా?

కిటికీపక్కసీటు:

నమస్కారం. మా ఇంట్లో తేలని పంచాయితీ ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

కొత్త టీవీ వచ్చింది. ఫ్రేము చుట్టూ, కింద పట్టీ మీద, వెనక నల్ల డొప్ప మీద కూడా పలచటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంది. ఒక మూల గోరుతో లేపానో లేదో, మా మామయ్యగారు "ఉండనివ్వమ్మా, దుమ్ము పడకుండా ఉంటుంది" అన్నారు. ఆయన పద్ధతే అంత. మైక్రోవేవ్ ప్యానెల్, కాలిక్యులేటర్, బీపీ చూసుకునే మిషన్, దేని మీదా ఆ పొర తీయరు, తీయనివ్వరు. బీపీ మిషన్ మీదదైతే లోపల బుడగలు వచ్చి పసుపు రంగుకి తిరిగింది. మొన్న ఆయన 138 అని చదివారు, నాకేమో 188లా కనపడింది. కాసేపు ఇల్లంతా టెన్షన్.

రెండో సంగతి మా బాబు. వాడికి 4 ఏళ్లు. బంతి, బొమ్మ కారు, ఏది చేతికి దొరికితే అది విసురుతాడు. టీవీ ముందు తగిలించే పారదర్శక యాక్రిలిక్ షీట్లు దొరుకుతాయి, ఒకటి తెప్పిద్దామని మావారు. బొమ్మ మసగ్గా కనపడుతుందేమో, వేడికి టీవీ పాడవుతుందేమో అని నా అనుమానం.

పనిలో పనిగా ఇంకోటి. ఫోన్‌కి ప్లాస్టిక్ గార్డ్ మంచిదా, గ్లాస్ మంచిదా? "9హెచ్" అని రాసి ఉంటేనే కొనాలట, నిజమేనా?

పాతరేడియో:

మీ మామయ్యగారి పార్టీలో నన్నూ చేర్చుకోండి. మా టీవీ రిమోట్ ఇప్పటికీ అది వచ్చిన సంచిలోనే ఉంది. బటన్ల మీద ఒక్క అంకె చెరగలేదు. ఊరికే వచ్చిన రక్షణని పీకి పారేసి, మళ్లీ డబ్బు పెట్టి ఇంకో పొర కొనడం ఎందుకో నాకు అర్థం కాదు.

టంకంబెంచి:

డిస్‌ప్లేలు విప్పి బిగించడమే నా పని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఆ పొర రక్షణ కోసమే, కాదనను. కాకపోతే దాని డ్యూటీ ఫ్యాక్టరీ నుంచి మీ ఇంటిదాకానే. ఎక్కువగా అది పాలిథిలీన్. దాని కింద జిగురుని కావాలనే బలహీనంగా పెడతారు, ఒక్క లాగుకి మరక లేకుండా ఊడిరావాలని. ఏళ్ల తరబడి వదిలేస్తే వేడికీ వెలుతురుకీ జిగురు గట్టిపడుతుంది, పొర పెళుసెక్కుతుంది. అప్పుడు లాగితే గోరంత ముక్కలుగా తెగి వస్తుంది, జిగురు మాత్రం కిందే ఉండిపోతుంది. దుమ్ము పడదన్న మాట కూడా సగమే నిజం. అంచులు లేచాక దుమ్ము సరిగ్గా అక్కడే దూరి, జిగురుకి అంటుకుని, గుడ్డతో తుడిచినా కదలదు. తెర మీద గీతలు పడ్డాయని నా దగ్గరికి వచ్చే వాటిలో కొన్నిటికి ఆ గీతలు ఈ పొర మీదే ఉంటాయి. పొర లాగేసి చేతికిచ్చాక, డబ్బులు అడగడానికి మొహమాటంగా ఉంటుంది.

కాబట్టి టీవీ మీదది ఇప్పుడే తీసేయండి. ఫ్రేము మీదది ఉంటే టీవీకి పెద్ద ప్రమాదం లేదు గానీ, వెనక డొప్ప మీద ఉందన్నారు చూడండి, అది ఆగకూడదు. గాలి రంధ్రాలన్నీ ఆ వెనకే ఉంటాయి. ఫ్రేములో ఎక్కడో గది వెలుతురు చూసే సెన్సర్ ఉండే మోడల్ అయితే, నలిగిన పొర దానికీ అడ్డమే.

బీపీ మిషన్ విషయంలో నిదానంగా వెళ్లండి. బ్యాటరీలు తీసేసి, హెయిర్ డ్రయ్యర్‌తో తక్కువ వేడిలో కాసేపు గాలి కొట్టండి. చెయ్యి పెడితే వెచ్చగా తెలియాలి, చుర్రుమనకూడదు. జిగురు మెత్తబడ్డాక ఒక మూల లేపి, పొరని పైకి కాకుండా వెనక్కి మడిచినట్టు, తెరకి దాదాపు ఆనించి లాగండి. అలా లాగితే తెగదు. మిగిలిన జిగురు మీద మామూలు సెల్లో టేపు అద్ది అద్ది తీస్తే చాలావరకు పోతుంది. ఆ తర్వాత ఒక్క చుక్క సబ్బు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి. నేరుగా తెర మీద ఏదీ చల్లకండి.

స్పిరిట్ ఎందుకు చెప్పలేదంటే, ఆ అంకెల కిటికీ చాలా మిషన్లలో గాజు కాదు, యాక్రిలిక్. స్పిరిట్ తగిలితే యాక్రిలిక్ మీద సన్నటి పగుళ్లు రావచ్చు. గోళ్ల రంగు తీసే అసిటోన్ అయితే ప్లాస్టిక్‌నే కరిగించి తెల్లగా చేస్తుంది. బీపీ 138 అని చూపించాల్సిన చోట అసలు ఏమీ కనపడకుండా పోతుంది.

ఇక యాక్రిలిక్ షీటు. బొమ్మ మసకబారదు, మెరుపు పెరుగుతుంది. యాక్రిలిక్ ఒక్కో ముఖం మీద పడిన కాంతిలో సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. షీటుకి ముందు ముఖం, వెనక ముఖం కలిపి 8 శాతం దాకా. మీ వెనక కిటికీ గానీ దీపం గానీ ఉంటే, చీకటి సీన్లు వచ్చినప్పుడు సినిమా కన్నా మీరే బాగా కనపడతారు. వేడి ఎక్కువగా వెనక నుంచే పోతుంది కాబట్టి, షీటు తెరకి ఆనకుండా పైనా కిందా గాలి ఆడేలా ఉంటే భయం లేదు. ఆ ఖాళీ ఇంకో విధంగా కూడా కావాలి. షీటు తెరని తాకుతూ ఉంటే విసిరిన కారు దెబ్బ నేరుగా ప్యానెల్‌కే చేరుతుంది, డబ్బు పెట్టి కొన్నది దండగ.

నేను దానికన్నా ఎక్కువ భయపడేది బరువుకి. 55 అంగుళాల టీవీకి 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ అంటే లెక్క వేసి చూడండి, దాదాపు 3 కిలోలు. దాన్ని టీవీ పై అంచుకి ముందు వైపు తగిలిస్తారు. టీవీ బల్ల మీద రెండు కాళ్ల మీద నిలబడి ఉంటే ఆ బరువు దాన్ని ముందుకే లాగుతుంది. 4 ఏళ్ల పిల్లాడు విసరడమే కాదు, పట్టుకుని వేలాడతాడు కూడా. ముందు టీవీని గోడకి బిగించండి, లేదా వెనక పట్టీతో గోడకి కట్టండి. తెర పగిలితే ఇంకోటి కొనుక్కోవచ్చు. గోడకి ఎత్తుగా బిగించాక కూడా బంతి తగులుతుందనుకుంటే అప్పుడు షీటు ఆలోచించండి. కొంటే పొడి గుడ్డతో రుద్దకండి. గీతలు పడతాయి, పైగా స్టాటిక్ చార్జ్ ఎక్కి దుమ్ముని తనే పిలుచుకుంటుంది. మెత్తటి తడి గుడ్డ వాడండి.

ఫోన్ సంగతి. 9హెచ్ అంటే పెన్సిల్ లెక్క. రకరకాల గట్టిదనం ఉన్న పెన్సిళ్లతో గీసి చూసే పరీక్షలో 9హెచ్ పెన్సిల్ గీత పడలేదని అర్థం. ఖనిజాల గట్టిదనం కొలిచే మోహ్స్ స్కేలు వేరు. అందులో వజ్రం 10, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. గాజు సుమారుగా 5.5 నుంచి 6 దగ్గర ఆగిపోతుంది. ఆ డబ్బా మీద 9 చూసి వజ్రానికి ఒక్క మెట్టు కింద అనుకునేవాళ్లు చాలామంది. జేబులో తాళాలు, నాణేల కంటే అడుగున చేరిన ఇసుక రేణువే గాజుకి శత్రువు.

టెంపర్డ్ గ్లాస్ సాధారణంగా 0.33 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. కిందపడినప్పుడు కొంత దెబ్బ తను తిని పగులుతుంది. అలా పగిలిన ప్రతిసారీ అసలు తెర బతికిందని చెప్పలేం. ఒక్కోసారి గార్డ్ లేకపోయినా బతికేదే. పీఈటీ ప్లాస్టిక్ పొర పలచగా ఉంటుంది, గీతలు ఆపుతుంది, దెబ్బలు ఆపదు. టీపీయూ అంటే పాలీయూరిథేన్ రకం ప్లాస్టిక్, మెత్తగా సాగుతుంది, అంచులు వంపు తిరిగిన ఫోన్లకి సరిగ్గా ఒదుగుతుంది, చిన్న గీతలు కాసేపటికి వాటంతటవే కలిసిపోతాయి. ఇలాంటి పాలీయూరిథేన్ పొరలనే హెలికాప్టర్ రెక్కల అంచులకి ఇసుక కొట్టకుండా అంటిస్తారు, కాబట్టి మెత్తగా ఉందని చులకన చేయొద్దు. చేతిలోంచి ఫోన్ జారే మనిషైతే గ్లాస్, లేకపోతే టీపీయూ. నా ఓటు ఇంతే.

"పొర తీసేయండి" అన్న నా మాటకి ఒక మినహాయింపు మడతపెట్టే ఫోన్లు. 2019లో గెలాక్సీ ఫోల్డ్ మొదటిసారి రివ్యూ చేసేవాళ్లకి ఇచ్చినప్పుడు కొందరు పైనున్నది ప్యాకింగ్ పొర అనుకుని పీకారు. అది డిస్‌ప్లేలో భాగం, తెరలు పోయాయి. ఏప్రిల్‌లో రావాల్సిన ఫోన్ సెప్టెంబర్‌కి వెళ్లింది. తర్వాత ఆ పొర అంచుల్ని ఫ్రేము కిందికి దాచేశారు, గోరు పెట్టడానికి చోటు లేకుండా.

దూరపుప్రయాణం:

మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. కారులో మ్యాప్ చూపించే తెరకి గీతలు పడకూడదని పొర వేయించాను. ఎండలో నల్లద్దాలు పెట్టుకుంటే తెర మీద నూనె తెట్టులా రంగురంగుల మచ్చలు. అద్దాలు తీస్తే మాయం. అమ్మినవాళ్లు తెరే పాడైందంటున్నారు.

టంకంబెంచి:

తెరకేం కాలేదు. మీ నల్లద్దాలు పోలరైజ్డ్ రకం, అంటే ఒకే దిక్కున ఊగే వెలుగుని మాత్రమే వదిలే రకం అయి ఉంటాయి. ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుగు కూడా ఒకే దిక్కున ఊగే వెలుగు. ఈ రెంటికీ మధ్య పీఈటీ పొర ఉంది. దాన్ని తయారీలోనే రెండు వైపులా సాగదీస్తారు. అలా సాగిన ప్లాస్టిక్‌లోంచి వెళ్లేటప్పుడు ఒక్కో రంగు ఒక్కో రకంగా మెలితిరుగుతుంది, అద్దాలు కొన్నిటిని ఆపి కొన్నిటిని వదులుతాయి. పొర తీసి గ్లాస్ రకం వేయించండి, మచ్చలు పోతాయి.

బిల్లుకౌంటర్:

మా దగ్గర పుల్లతో నొక్కే పాత టచ్ మిషన్ ఉంది. మంచిదని టెంపర్డ్ గ్లాస్ కోసి అంటిస్తే ఎంత నొక్కినా పలకడం లేదు. ఫోన్‌కి పనిచేసేది దీనికెందుకు పనిచేయదు?

టంకంబెంచి:

అది రెసిస్టివ్ టచ్. పైన ఉన్న ప్లాస్టిక్ పొర వంగి కింది పొరని తాకితేనే నొక్కినట్టు తెలుస్తుంది. గ్లాస్ వేస్తే వంగదు. ఫోన్లది కెపాసిటివ్ టచ్, దానికి నొక్కుడు అక్కర్లేదు, వేలు దగ్గరికి వచ్చినా తెలుస్తుంది. మీ మిషన్‌కి పలచటి ప్లాస్టిక్ పొరే వేయండి.

కిటికీపక్కసీటు:

టంకంబెంచి గారూ, చాలా థాంక్స్. టీవీ పొర ఒక్క లాగుకే వచ్చేసింది. బీపీ మిషన్‌కి మీరు చెప్పినట్టే డ్రయ్యర్, సెల్లో టేపు. మామయ్యగారు పక్కనే నిలబడి చూశారు. తీశాక తనే చూసుకున్నారు, 134. ఏమీ అనలేదు, కళ్లజోడు తుడుచుకున్నారు.

మావారు ఇదే ఊపులో పాత కంప్యూటర్ మానిటర్ మీద పడ్డారు. తెర మీద గరుకుగా, మెరుపు లేని పొర ఒకటి ఉంది. ఒక మూల కొంచెం లేచింది. "ఇదీ కంపెనీ పొరే, ఇన్నాళ్లూ తీయలేదు" అంటున్నారు. మిమ్మల్ని అడిగాకే తీయాలని నేను ఆపి ఉంచాను.

టంకంబెంచి:

అలాగే ఆపి ఉంచండి! అది దాదాపు ఖచ్చితంగా పోలరైజర్. ఎల్‌సీడీలో బొమ్మ కంటికి కనపడేదే ఆ పొర వల్ల. పీకేస్తే లోపల బొమ్మ తయారవుతూనే ఉంటుంది, మీకు మాత్రం ఉత్త తెల్లటి వెలుగు కనపడుతుంది. వెలుతురు మెరవకుండా ఉండే ఆ గరుకుదనం కూడా దాని పైపూతే.

కంపెనీ పొరకి లాగడానికి చిన్న చెవి ఉంటుంది, లేదా దాని మీద ఏవో అక్షరాలు అచ్చేసి ఉంటాయి, అంచు పైకి తెలుస్తుంది. పోలరైజర్ అంచు ఫ్రేము కిందికి వెళ్లిపోతుంది. టార్చి పక్కనుంచి వేసి ఆ మూల చూడండి. లేచిన చోట ఫెవిక్విక్ లాంటివి పెట్టకండి, తడి తగలనివ్వకండి. దాని మీద జిగురు గార్డ్ కూడా వద్దు. రేపు గార్డ్ తీసేటప్పుడు దాంతోపాటు ఇదీ లేచొస్తుంది.

కిటికీపక్కసీటు:

టార్చి వేసి చూశాం, ఫ్రేము కిందికే వెళ్తోంది. మావారు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. టీవీని గోడకి బిగించడానికి శనివారం మనిషి వస్తున్నాడు, షీటు సంగతి తర్వాత చూస్తాం.

మామయ్యగారు ఒక్కటి అడగమన్నారు. కాలిక్యులేటర్ మీద పొర ఉంచుకోవచ్చా?

టంకంబెంచి:

ఉంచుకోమనండి. అంకెలు కనపడుతున్నంతకాలం దానికొచ్చే నష్టమేమీ లేదు. పైన సోలార్ పట్టీ ఉంటే దాని మీద మేరకి మాత్రం కత్తిరించి తీసేయమనండి, పొర మసకబారితే వెలుతురు తగ్గుతుంది.