నైట్ డ్యూటీలో చదువుకోవడానికి క్రైస్తవ పుస్తకాలు చెప్పండి

ప్రశ్న:
అందరికీ వందనాలు. నేను గుంటూరులో నర్సుని. రాత్రిపూట వార్డు సద్దుమణిగాక ఓ పావుగంట దొరుకుతుంది. ప్రసంగాల పుస్తకాలు వద్దండీ, అవి ఆదివారం వింటూనే ఉన్నాం. చదివి కాసేపు ఆలోచించుకునేలా, తెలుగులో ఏవైనా?

జవాబు:
‘ఎడారిలో సెలయేర్లు’ చూడండి సిస్టర్. రోజుకొకటి, తేదీల వారీగా ఉంటుంది. దాన్ని కూర్చిన కౌమన్ అమ్మగారు మంచాన పడ్డ భర్తకు ఆరేళ్లు సేవ చేశారు. ఇంగ్లిష్‌లో 1925లో వచ్చింది.

జవాబు:
నా ఓటు ఇంగ్లిష్ రచయిత బన్యన్ రాసిన ‘యాత్రికుని ప్రయాణము’కే. 1678 నాటిది. తెలుగు కాస్త గ్రాంథికం, మొదట్లో విసుగొస్తుంది, ఓర్చుకోండి. కథలో యాత్రికుడి పేరే క్రైస్తవుడు, అతను నిరాశ అనే ఊబిలో కూరుకుపోతాడు. చెయ్యందించడానికి వచ్చినవాడు, “మెట్లున్నాయిగా, చూసుకోలేదా?” అంటాడు. భయం తరుముతుంటే చూసుకోలేదంటాడు ఇతను. నేనైతే అక్కడ పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నా. రోజుకు రెండు పేజీలు మించొద్దు.

జవాబు:
ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడకుండా చదివి చూశారా? పురుషోత్తమ చౌదరి గారు రాసినవి ముందు చదవండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. బన్యన్‌తో మొదలుపెడతా. పెద్ద అక్షరాల ప్రతి ఉందా? వార్డులో లైటు తక్కువ.