ఏడాదిలో 52 ఫ్రెంచ్ వంటలు: ఏ వరుసలో వండాలి? వెన్న సాస్ ఎందుకు విరుగుతోంది?

ప్రశ్న: వంటింటి విద్యార్థిని, హైదరాబాద్

నమస్కారం. వారానికి ఒకటి చొప్పున ఏడాదిలో 52 ఫ్రెంచ్ వంటకాలు ఇంట్లో వండాలని నాతో నేనే పందెం వేసుకున్నాను. మేము గుడ్లు, కోడి, చేప, వేటమాంసం తింటాము. గొడ్డు మాంసం, పంది మాంసం తినము, వంటలో వైన్ పోయడానికి మా అత్తగారు ఒప్పుకోరు.

మొదటి వారం ఉల్లిపాయ సూప్, రెండో వారం రాటటూయి అనే కూరగాయల కూర చేశాను, రెండూ బాగానే కుదిరాయి. మూడో వారం పండుగప్పకు తోడుగా బ్యోర్ బ్లాన్ అనే వెన్న సాస్ చేయబోయి రెండుసార్లు భంగపడ్డాను. తెల్ల వైన్ బదులు వెనిగర్‌లో నీళ్లు కలిపి మరిగించి, వెన్న కన్నా శుద్ధమైనదే కదా అని మొదటిసారి ఇంట్లో కాచిన నెయ్యి పోశాను. రెండోసారి ఉప్పు వెన్న వాడాను. రెండుసార్లూ నూనె పైకి తేలి, పుల్లటి నీళ్లు అడుగున మిగిలాయి. తప్పు ఎక్కడ జరిగింది? నా జాబితాను నార్మండీ, బర్గండీ, ప్రొవాన్స్ అని ప్రాంతాల వారీగా రాసుకున్నాను. అలాగే కొనసాగించవచ్చా?

జవాబు: ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి ఒక తెలుగు వంటగాడు

అమ్మా, వెన్న కనబడగానే మన చెయ్యి నెయ్యి కాచే పద్ధతికి వెళ్లిపోతుంది, చిక్కు అక్కడే ఉంది. నెయ్యి కాచడమంటే వెన్నలోని నీటిని వెళ్లగొట్టడం. ఈ సాస్ నిలబడేది ఆ నీటి వల్లనే. ఇక్కడి వెన్నలో కొవ్వు 82 శాతం ఉంటుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు, కొద్దిగా పాల పదార్థం. ఆ కొద్దిపాటి నీరు, పాల పదార్థం కలిసి కొవ్వును సన్నని బిందువులుగా విడగొట్టి పట్టి ఉంచుతాయి కాబట్టే సాస్ మీగడలా చిక్కగా కనిపిస్తుంది. నెయ్యిలో ఆ రెండూ లేవు, అందుకే మొదటిసారి విరిగింది. రెండోసారి మాత్రం తప్పు వెన్నది కాదు, మంటది అయి ఉంటుంది.

సాంబారు ఉల్లిపాయలను బియ్యపు గింజంత సన్నగా తరిగి, వెనిగర్ నీళ్లలో రెండు చెంచాల ద్రవం మిగిలేదాకా మరిగించండి. తరువాత మంట పూర్తిగా తగ్గించి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లటి వెన్నముక్కలను ఒకటి కరుగుతుండగా మరొకటి వేస్తూ, చెయ్యి ఆపకుండా గిలక్కొట్టండి. వేడి 60 డిగ్రీలకు చేరువైతే సాస్ విరుగుతుంది కాబట్టి గిన్నెను మాటిమాటికీ పొయ్యి మీద నుంచి దించుతూ ఉండాలి. అంచుల్లో నూనె మెరుపు కనిపించిన క్షణమే దించి, ఒక చెంచా చల్లటి నీళ్లు పోసి గట్టిగా గిలక్కొడితే చాలావరకు తిరిగి కలుస్తుంది. ఉప్పు వెన్న అయితే విడిగా ఉప్పు వేయకండి.

ఇక వరుస సంగతి. ప్రాంతాల వారీ జాబితా యాత్రకు బాగుంటుందేమో కానీ చేతికి పనితనం నేర్పదు. నాలుగో వారం నుంచి పదో వారం దాకా వెన్న, మైదా, గుడ్డు, ఈ మూడింటితోనే పని పెట్టుకోండి. వెన్న, మైదా సమానంగా తూచి వేయించి, పాలు పోసి బెషమెల్ అనే తెల్ల సాస్ చేయడం ఒకసారి చేతికి వచ్చిందంటే, అందులో చీజ్ కలిపితే మోర్నే సాస్ అవుతుంది, పచ్చసొనలు, నురగ కట్టిన తెల్లసొనలు కలిపి ఓవెన్‌లో పెడితే పొంగి సూఫ్లే అవుతుంది.

జవాబు: విశాఖ వంటిల్లు

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట. నెయ్యిని ఫ్రెంచ్ వంట పూర్తిగా వెలివేయలేదు. హాలండేజ్ సాస్‌ను వంటవాళ్లు తరచుగా తేట వెన్నతోనే చేస్తారు, ఎందుకంటే అక్కడ కొవ్వును పట్టి ఉంచే పని గుడ్డు పచ్చసొన చేస్తుంది. అయితే అడుగున ఎర్రటి మడ్డి వచ్చేదాకా కాచిన మన నెయ్యి వాసన ఆ సాస్‌ను మింగేస్తుంది కనుక, వెన్న కరిగి తేటపడగానే దించి వాడండి.

రెండో సంగతి బిర్యానీ ఆకు. వంటపుస్తకాల్లో లారెల్ ఆకు అని ఉన్నచోట చాలామంది దీన్నే వేస్తారు, కానీ ఇవి వేర్వేరు చెట్ల ఆకులు. మన ఆకు మీద నిలువుగా మూడు ఈనెలు ఉంటాయి, వాసన దాల్చినచెక్కకు దగ్గర. లారెల్‌కు నడిమి ఈనె ఒక్కటే. ఫ్రెంచ్ పులుసులో మన ఆకు వేస్తే అది మసాలా కూర వైపు ఒరిగిపోతుంది.

వైన్‌లో ఉడికించే కోడి వంటకం కోకో వాన్ మీ జాబితాలో ఉంటే, దాన్ని మాత్రం తీసేయండి. పేరులోనే వైన్ ఉన్న వంటకాన్ని ద్రాక్షరసంతో వండితే అది మరో కోడికూర, అంతే. దాని బదులు లియోన్‌వాళ్ల వెనిగర్ కోడి చేయవచ్చు. వేటమాంసంతో వండే నవరాన్ కూడా వైన్ లేకుండా చక్కగా కుదురుతుంది, దానికి గొడ్డు మాంసాన్ని మార్చుకునే అవసరమే లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆదివారం మళ్లీ చేశాను. గిన్నెను మూడుసార్లు దించవలసి వచ్చింది, నాలుగోసారి ఆలస్యం చేయడంతో అంచున నూనె మెరిసింది కానీ చల్లటి నీళ్లతో సర్దుకుంది. చేప వడ్డించేసరికి సాస్ కాస్త పలచబడినా విరగలేదు. జాబితా తిరగరాసి, నవరాన్‌ను పదకొండో వారంలో, వెనిగర్ కోడిని పన్నెండో వారంలో పెట్టుకున్నాను. ఈ వారం బెషమెల్. వేయించిన మైదాలో పాలు వేడిగా పోయాలా, చల్లగా పోయాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను, అనుభవం ఉన్నవారు చెప్పగలరు.