చర్చ: విశాఖ నుంచి ఒంగోలుకు 216వ జాతీయ రహదారి మీదుగా వెళ్లడం మంచిదా, 16వ జాతీయ రహదారి మీదే పోవాలా?

తీరంబాట:
కారులో విశాఖ నుంచి ఒంగోలు వెళ్తున్నామని ఎవరడిగినా ఒకటే సలహా వస్తోంది: "16 మీద లారీలు తప్ప ఏముంది, కత్తిపూడి దగ్గర 216 ఎక్కండి, సముద్రం పక్కనే పోవచ్చు" అని. ఇందులో రెండో సగం తప్పు. 216 కత్తిపూడిలో మొదలై పిఠాపురం, కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరుతుంది. మొత్తం సుమారు 390 కి.మీ. ఇంత దూరంలోనూ రోడ్డు మీంచి సముద్రం కనిపించే చోటు దాదాపు లేదు. కనిపించేవి కొబ్బరితోటలు, వరిచేలు, రొయ్యల చెరువులు. అలలు చూడాలంటే ప్రతిసారీ పక్కరోడ్డులో దిగి మళ్లీ వెనక్కి రావాలి. 16 మీద గంటకు 75 కి.మీ. సగటు వస్తుంది, 216 మీద ఊళ్లన్నీ దాటుకుంటూ పోతే 45 వస్తే గొప్ప. ఒక్కరోజులో ఒంగోలు చేరాల్సినవాళ్లకు ఈ సలహా ఇవ్వకండి.

లంకగాలి:
సముద్రం కనిపించదన్నది నిజమే. అయితే ఆ రోడ్డు గొప్పదనం సముద్రంలో లేదండీ, నదుల్లో ఉంది. కోనసీమలో అది గోదావరిని మూడుసార్లు దాటుతుంది: యానాం–ఎదుర్లంక దగ్గర గౌతమి, బోడసకుర్రు–పాశర్లపూడి దగ్గర వైనతేయ, దిండి–చించినాడ దగ్గర వశిష్ఠ. తర్వాత పులిగడ్డ–పెనుమూడి దగ్గర కృష్ణ. 16 మీద ఇన్ని పాయలు ఇంత దగ్గరగా దొరకవు. పైగా కాకినాడ దాటగానే కోరంగి మడ అడవులు రోడ్డుకు ఆనుకునే ఉన్నాయి.

కాకపోతే కాలం చూసుకోవాలి. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడి చేలు పచ్చబడే జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఎండాకాలంలో కాలువలకు నీళ్లు ఆపేశాక వెళ్తే అడుగున బురద, నాచు తప్ప ఏమీ ఉండదు. సంక్రాంతి మూడు రోజులూ కోనసీమలోకి కారు తీసుకెళ్లొద్దు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ప్రభలు (దేవుడి కోసం అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు) రోడ్ల మీదే వస్తాయి, అంబాజీపేట చుట్టుపక్కల గంటల తరబడి కదలలేరు. గదులు కూడా దొరకవు.

గట్టురోడ్డు:
ఇద్దరూ భద్రత సంగతి వదిలేశారు. డెల్టాలో చాలా రోడ్లు కాలువగట్ల మీదే ఉంటాయి, 216 నుంచి పక్కకి దిగితే మరీను. అడుగున నల్లమట్టి. ఎండకు కుంచించుకుపోయి, వానకు ఉబ్బే నేల అది. అందుకే తారు నెర్రెలు బారేది ఎప్పుడూ కాలువ వైపు అంచునే. మొదట సన్నటి నిలువు చీలిక వస్తుంది, రెండు వానలు పడ్డాక ఆ పక్క జారుతుంది. ఎదురొచ్చే బస్సుకు దారివ్వడానికి ఎడమ చక్రాలు ఆ చీలిక దాటించారంటే బండి ఒరుగుతుంది. కాలువ మీకు ఎడమ పక్కన ఉంటే మీరే ఆగండి, ఎదుటివాణ్ణి పోనివ్వండి.

రాత్రి అసలొద్దు. చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. ఎదుటి లైట్లు కళ్లలో పడితే తారు అంచు ఎక్కడో, నీళ్లు ఎక్కడో తెలియదు. మలుపుల్లో కార్లు కాలువలో పడేది ఇలాగే. కోతల రోజుల్లో రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు ముందు చక్రానికి తగిలేదాకా కనిపించవు. మొగల్తూరు, కృత్తివెన్ను వైపు రొయ్యలు, చేపలు తీసుకెళ్లే బళ్ల నుంచి నీళ్లు కారుతూ ఉంటాయి. బైకు మీద వెళ్లేవాళ్లు ఆ తడిచార మీద ముందు బ్రేకు పట్టుకోకూడదు.

నాలుగులైన్లు:
అందుకే మధ్యేమార్గం చెప్తాను. 16 మీదే రావులపాలెం దాకా వచ్చి, అక్కడ దిగి కొత్తపేట మీదుగా అమలాపురం చేరండి. కాకినాడ ట్రాఫిక్ తప్పుతుంది. దిండి చూసుకుని, చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం మీదుగా తాడేపల్లిగూడెంలో మళ్లీ 16 ఎక్కేయొచ్చు. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న కుటుంబానికి ఇంతకంటే అక్కర్లేదు.

లంకగాలి:
అలా వెళ్తే గౌతమి మీది యానాం వంతెన, కోరంగి రెండూ పోయాయి కదా! ఇంకొకటి, యానాంలో పెట్రోలు ఆంధ్రా ధర కన్నా తక్కువ. ట్యాంకు అక్కడ నింపుకునేవాళ్లే ఎక్కువ.

అంతర్వేది వెళ్లేవాళ్లు దిండికి తిరిగి రాకుండా సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లనూ మనుషుల్నీ నది దాటించే పడవ) ఎక్కి నర్సాపురంలో దిగొచ్చు. కార్లు కూడా ఎక్కిస్తారు. అక్కడ నీటిమట్టం ఆటుపోట్లను బట్టి మారుతుంది. నీరు తగ్గినప్పుడు రేవు వాలు ఏటవాలుగా, బురదగా ఉంటుంది. నేలకు దగ్గరగా ఉండే సెడాన్‌కి ముందు బంపరు గీసుకుంటుంది. మనుషుల్ని దించేసి, నేరుగా కాకుండా కాస్త ఐమూలగా ఎక్కించాలి. ఎక్కాక మొదటి గేరులో వదిలి హ్యాండ్‌బ్రేకు లాగాలి. గోదావరికి వరదొస్తే పంటు ఆపేస్తారు కాబట్టి జూలై నుంచి సెప్టెంబరు దాకా దాన్ని నమ్ముకుని బయల్దేరొద్దు.

సూర్యలంక_దారి:
చర్చంతా గోదావరి దగ్గరే ఆగిపోయింది. సముద్రమే కావాలంటే కృష్ణ దాటాక ఉన్న భాగమే మేలు. సూర్యలంక బాపట్లకు 9 కి.మీ., వాడరేవు చీరాల పక్కనే. పక్కరోడ్డులో దిగి వెనక్కి రావడానికి అరగంట చాలు. కృష్ణకు ఇవతలే ఆగేవాళ్లకు బందరు నుంచి మంగినపూడి 11 కి.మీ.

ఒకే జాగ్రత్త: కారును ఇసుకలోకి దింపకండి. అల తడిపిన ఇసుక గట్టిగా కనిపిస్తుంది, నడుస్తున్నంతసేపు మోస్తుంది కూడా. ఆగిన క్షణం నుంచి ప్రతి అలకూ చక్రం కింద ఇసుక కరిగిపోతుంది. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకండి. చక్రం గిర్రున తిరిగితే బండి పొట్ట ఆనుతుంది, ఇక ట్రాక్టరే దిక్కు. టైర్లలో 32 పీఎస్‌ఐ ఉన్న గాలిని 18–20కి దించి, ఇంజను తిప్పే చక్రాల ముందూ వెనకా ఇసుక తవ్వి, కొబ్బరిమట్టలో ఫ్లోర్ మ్యాట్లో పరిచి, వచ్చిన గాడిలోనే రివర్సులో మెల్లగా లాగాలి. చిన్న ఎలక్ట్రిక్ పంపు ఉంటే తారెక్కే ముందే గాలి నింపుకోవచ్చు. ఇంటికి చేరాక అడుగుభాగం మంచినీళ్లతో కడిగించాలి, ఉప్పు ముందు తినేది బ్రేకు పైపుల్ని, సైలెన్సర్‌నీ.

తీరంబాట:
మీరు చెప్పినవన్నీ కలిపితే రెండు పగళ్లు, మధ్యలో ఒక రాత్రి బస అవుతాయి. రెండు రోజులు చేతిలో ఉంటే 216, లేకపోతే 16. నా మాట అక్కడే ఉంది. రావులపాలెం దారిలో తిరగడం ఎక్కువ, చూసేది తక్కువ కాబట్టి దానికి ఒప్పుకోను.

సముద్రం నిజంగా రోడ్డు పక్కనే కావాలనేవాళ్లకు ఉన్నది ఒక్కటే, ఉప్పాడ–కాకినాడ బీచ్ రోడ్డు. పిఠాపురం నుంచి 216 వదిలి ఉప్పాడ వెళ్లి, తీరం వెంట కాకినాడలో తేలాలి. కానీ ఆ తీరాన్ని సముద్రం ఏళ్ల తరబడి కోస్తోంది. వాయుగుండం పట్టినా, అమావాస్య పౌర్ణములకు పోటు పెరిగినా అలలు అడ్డుగా వేసిన రాళ్లను రోడ్డు మీదికి విసిరేస్తాయి, రాకపోకలు ఆపేస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వెళ్లేవాళ్లు పిఠాపురంలోనే ఆగి, రోడ్డు తెరిచి ఉందో లేదో ఆటోవాళ్లను అడిగి మలుపు తిరగండి. మూసి ఉంటే సామర్లకోట వైపు పోనక్కర్లేదు, 216 మీదే నేరుగా కాకినాడ వెళ్లొచ్చు.