మరియా తుఫాను మృతులు 64 మందా, 2,975 మందా?

తుఫానుల_డైరీ:
2017 సెప్టెంబరు 20న మరియా హరికేన్ కరీబియన్ సముద్రంలోని అమెరికా ద్వీపం ప్యూర్టోరికో మీదికి వస్తుంటే రాత్రంతా రాడార్ చూస్తూ కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. రెండ్రోజుల ముందే అది డొమినికా దీవిని క్యాటగిరీ 5గా, అంటే తీవ్రతలో అన్నిటికంటే పైమెట్టు తుఫానుగా, తుడిచిపెట్టింది. ప్యూర్టోరికోలో ఉదయం ఆరుంపావు ప్రాంతంలో ఆగ్నేయ మూలనున్న యబుకోవా దగ్గర తీరం దాటింది. తుఫాను కన్ను ఒడ్డుకి చేరేలోపే కాయేయ్ కొండల్లోని రాడార్‌ని గాలి ఎగరగొట్టేసింది. బొమ్మ ఉన్నచోటే ఆగిపోయింది, ఆ తర్వాత ఉపగ్రహ చిత్రాలే దిక్కు. ద్వీపమంతా కరెంటు పోయింది. అక్కడి ప్రభుత్వం నెలల తరబడి మృతులు 64 మందే అంటూ వచ్చింది. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ అధ్యయనం వచ్చాక, 2018 ఆగస్టులో 2,975 అని మార్చింది. నా మట్టుకు రెండోదే సరైన లెక్క. మీరేమంటారు?

గోదారిగట్టు:
క్యాటగిరీ 5 తుఫాను ఊళ్లమీద పడితే 64 మందేంటండీ? ఎవరైనా నమ్ముతారా?

శ్రీను_టాంపా:
గోదారిగట్టు గారూ, ప్యూర్టోరికోలో తీరం దాటేటప్పటికి అది క్యాటగిరీ 4. గాలి గంటకి 155 మైళ్లు, అంటే 250 కిలోమీటర్లు. 157 మైళ్లకి చేరితేనే 5. ఒడ్డుకి రాబోయే ముందు పాత కంటిగోడ (తుఫాను కన్ను చుట్టూ తిరిగే మేఘాల వలయం) కూలి కొత్తది కట్టుకుంది, అందుకే కాస్త తగ్గింది. మొదట ఇలాంటివి సరిగ్గా రాసుకుందాం.

ఇక మృతుల సంగతి. ఆ 64 మందిలో ప్రతి ఒక్కరికీ పేరుంది, ఊరుంది, ఎలా పోయారో రాసి ఉంది. 2,975 అలాంటిది కాదు. మామూలు రోజుల్లో ఇంతమంది చనిపోవాలి, అంతకంటే ఇంతమంది ఎక్కువ చనిపోయారు అని తీసిన తేడా. అందులో ఫలానా మనిషి ఉన్నాడని వేలుపెట్టి చూపించలేరు. హార్వర్డ్ వాళ్లు 3,299 ఇళ్లకు వెళ్లి అడిగి 4,645 అన్నారు. దాని వెనక అంచనా 793 నుంచి 8,498 వరకూ ఉంది. ఇంత వెడల్పున్న దాన్ని లెక్క అంటారా?

విశాఖ_వాణి:
శ్రీను గారూ, మీరు చెప్పిన 793 హార్వర్డ్ వాళ్లది. చర్చ జార్జ్ వాషింగ్టన్ వాళ్ల అంకె గురించి. వాళ్లు ఇళ్ల సర్వే మీద ఆధారపడలేదు, మరణాల రిజిస్ట్రీ తీశారు. లక్షల్లో జనం ద్వీపం వదిలి వెళ్లిపోయారు కాబట్టి అదీ సరిచేశారు. వాళ్ల అంచనా 2,658కీ 3,290కీ మధ్య. అందులో కింది అంచు కూడా 64కి నలభై రెట్ల పైన ఉంది.

వియెకెస్ అని పక్కనే చిన్న ద్వీపం. అక్కడున్న ఒక్క ఆసుపత్రీ దెబ్బతింది, డయాలసిస్ ఆగిపోయింది. రోగుల్ని వారానికి మూడుసార్లు చిన్న విమానాల్లో పెద్ద ద్వీపంలోని హుమకావోకి తీసుకెళ్లి తెచ్చేవారు. అలా తిరిగి తిరిగి పోయినవాళ్లని గాలి ఎత్తి కొట్టలేదు. వాళ్లని ఎందులో రాయమంటారు?

శ్రీను_టాంపా:
కిడ్నీ జబ్బులో రాయాలి. జబ్బు ముందే ఉందిగా. జార్జ్ వాషింగ్టన్ వాళ్లు ఏ నెల వరకూ లెక్కపెట్టారో చూశారా? ఫిబ్రవరి. సెప్టెంబరులో గాలి వీస్తే ఫిబ్రవరిలో పోయినవాడు తుఫాను మృతుడా? అయితే మార్చిలో పోయినవాడు ఏం పాపం చేశాడు? ఎక్కడ ఆపాలో ఎవరు చెప్తారు?

కోనసీమ_కొబ్బరి:
ఇది మంచి ప్రశ్నేనండి. ఎక్కడో ఓ చోట గీత గీయాలిగా.

డాక్టర్_గుంటూరు:
గీత గీయాల్సింది మరణ ధ్రువపత్రం దగ్గర. అందులో వరసగా గళ్లు ఉంటాయి: ఇప్పుడు ప్రాణం తీసింది ఏమిటి, దానికి దారితీసింది ఏమిటి, అసలు మూలం ఏమిటి. ప్యూర్టోరికోలో చాలామంది డాక్టర్లకి విపత్తు వచ్చినప్పుడు ఆ మూలం గడి ఎలా నింపాలో ఎవరూ చెప్పలేదని ఆ అధ్యయనమే తేల్చింది. మన దగ్గరా అంతే. సగం పత్రాల మీద ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని రాసి సంతకం పెట్టేస్తారు. గుండె, ఊపిరి ఆగకుండా ఎవరూ చనిపోరు. అది కారణం కాదు.

విశాఖ_వాణి:
డాక్టర్ గారూ, మా నాన్న పత్రం మీద ఉన్నది అక్షరాలా అదే.

2014 అక్టోబరు 12 ఆదివారం, హుద్‌హుద్. నాన్నకి సోమవారం డయాలసిస్. వీధిలో చెట్లు అడ్డంగా పడి ఆటో కాదు కదా, సైకిల్ కూడా కదల్లేదు. ఫోన్లు లేవు. తమ్ముడు నడుచుకుంటూ సెంటర్‌కి వెళ్తే జనరేటర్‌కి డీజిల్ లేదన్నారు. తర్వాత వెళ్తే మిషన్‌కి నీళ్లు లేవన్నారు. ఒళ్లంతా నీరుపట్టి నాన్న పడుకోలేకపోయారు. ప్లాస్టిక్ కుర్చీలో ముందుకి వంగి, కిటికీ చువ్వ పట్టుకుని ఊపిరి తీసుకునేవారు. ఆ వారంలోనే పోయారు. సాయం కోసం ఒక ఆఫీసుకి వెళ్తే గుమస్తా ఆ పత్రం చూసి, ‘ఇందులో తుఫాను అని ఎక్కడుందమ్మా?’ అన్నాడు. గోడ కూలి పోయినవాళ్లు, చెట్టు మీదపడి పోయినవాళ్లు మాత్రమే జాబితాలో ఉన్నారు.

ఇంకో వారం ఆగితే రోడ్లు బాగయ్యేవి, మిషన్ తిరిగేది. జబ్బు ముందే ఉంది, నిజమే. ఆ జబ్బుతోనే ఏళ్లు బతికారు ఆయన.

గోదారిగట్టు:
చాలా బాధగా ఉంది వాణి గారూ.

శ్రీను_టాంపా:
మీ నాన్నగారి విషయం విని నాకూ బాధ కలిగింది. కానీ ఒక ఇంట్లో జరిగినదాన్ని పట్టుకుని ద్వీపం లెక్క తేల్చలేం. ఫిబ్రవరి గురించి నేనడిగినదానికి ఇంకా జవాబు రాలేదు.

విశాఖ_వాణి:
ఒక ఇల్లా? డీజిల్ లేని సెంటర్‌కి వచ్చింది మా నాన్న ఒక్కరేనా? ఫిబ్రవరి, ఫిబ్రవరి అంటున్నారు. ప్యూర్టోరికోలో ఆఖరి ఇళ్లకి కరెంటు వచ్చేసరికి 2018 ఆగస్టు. తుఫాను పోయి పదకొండు నెలలు! కరెంటే రాని ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న మనిషికి తుఫాను ఎప్పుడు అయిపోయినట్టు? 2018 సెప్టెంబరులో ట్రంప్ కూడా మీలాగే వాదించాడు, మూడు వేలమంది చనిపోలేదని.

శ్రీను_టాంపా:
నన్ను ట్రంప్‌తో కలిపితే ఊరుకోను. ఆయన రాజకీయం కోసం అన్నాడు.

సరే, ఎలాగూ ఇంతదాకా వచ్చింది కాబట్టి చెప్తాను. ‘కరెంటు లేక చచ్చారు’ అన్న ప్రతిసారీ నాకు వినిపించేది ‘కరెంటువాళ్లు చంపారు’ అని. మా నాన్న లైన్‌మన్. 1996 నవంబరు కోనసీమ తుఫానులో కొబ్బరిచెట్లన్నీ తీగల మీద పడ్డాయి. వారాల తరబడి పని. రోజూ ఊరివాళ్లు చుట్టూ చేరి, మా వీధికి ఎందుకివ్వలేదని తిట్టేవారు. ఒకాయన చొక్కా పట్టుకున్నాడు. ఒకరోజు ఎల్‌సీ, అంటే లైన్లో కరెంటు ఆపేశామన్న అనుమతి, తీసుకుని స్తంభం ఎక్కారు. లైన్ చచ్చే ఉంది. ఎవరో తమ ఇంట్లో జనరేటర్ వేశారు. మెయిన్ తీయకుండా వేసేసరికి ఆ కరెంటు వెనక్కి లైన్లోకి వచ్చింది. పైనుంచి పడ్డారు. మళ్లీ లేవలేదు.

ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరిని చంపారు?

తుఫానుల_డైరీ:
శ్రీను గారూ, మీ నాన్నగారికి నమస్కారం. కానీ 2,975ని లైన్‌మన్ల మీద నేరంగా ఎవరూ చదవలేదు. ప్యూర్టోరికోలో పెద్ద కరెంటు ప్లాంట్లు ఎక్కువగా దక్షిణ తీరంలో, వాడకం ఉత్తరాన శాన్ హువాన్ వైపు. మధ్యలో కొండలు. టవర్లన్నీ ఆ కొండల మీదుగానే పోవాలి, అవి కూలాయి. పైగా కరెంటు సంస్థ తొమ్మిది వందల కోట్ల డాలర్ల అప్పుతో 2017 జులైలోనే దివాలా కేసు వేసింది. ఏళ్లుగా మరమ్మతులు లేవు, చెట్లు కొట్టడం లేదు. మరియాకి రెండు వారాల ముందు ఇర్మా పక్కనుంచి పోతేనే లక్షల ఇళ్లు చీకట్లో పడ్డాయి. స్తంభం ఎక్కినవాడిది కాదు తప్పు, స్తంభాన్ని గాలికి వదిలేసినవాళ్లది.

విశాఖ_వాణి:
నేను లైన్‌మన్లని ఒక్క మాట అనలేదు, పైకి వెళ్లి చదవండి. ఏ సెంటర్‌లో డయాలసిస్ రోగులున్నారో ముందే తెలిసినా, అక్కడికి మొదట డీజిల్ పంపాలని ఎవరూ ఎందుకు అనుకోలేదు అన్నదే నా బాధ. పోయినవాళ్లు జాబితాలో ఉంటేనే ఆ ప్రశ్న వేసే వీలుంటుంది. 64 దగ్గర ఆపేస్తే పునాది లేని ఇళ్ల గురించీ రేకుల కప్పుల గురించీ మాట్లాడతారు, జనరేటర్ గురించి ఎవడూ మాట్లాడడు.

శ్రీను గారూ, ఇంకొకటి. మీ పద్ధతిలో లెక్కిస్తే మీ నాన్నగారు కూడా తుఫాను మృతుల్లో ఉండరు. గాలి తగ్గాక వారాలకి పోయారు.

శ్రీను_టాంపా:
ఉండక్కర్లేదు. ఆయన డ్యూటీలో పోయారు. డిపార్ట్‌మెంట్ కాగితంలో డ్యూటీలో అని ఉంది, అమ్మ దాన్ని ఫ్రేమ్ కట్టించింది. ఆయన్ని మొత్తం అంకెలో కలిపేస్తే స్తంభం ఎక్కిన మనిషీ, ఇంకెవరైనా ఒకటే అయిపోతారు. నాకు ఆ అంకె వద్దు. పేరు కావాలి, ఎలా పోయాడో కావాలి.

డాక్టర్_గుంటూరు:
పేరు లేనివాడికి డబ్బూ రాదు. ప్యూర్టోరికోలో అంత్యక్రియల సాయం ఇవ్వాలంటే చావుకీ తుఫానుకీ సంబంధం ఉందని కాగితం చూపించమని అమెరికా విపత్తు సహాయ సంస్థ ఫెమా అడిగింది. ప్రభుత్వం 2,975 అని ఒప్పుకున్నా, విడిగా చాలా ఇళ్ల చేతిలో ఆ కాగితం లేదు. చాలా దరఖాస్తులు వెనక్కి వచ్చాయి.

తుఫానుల_డైరీ:
పేర్ల పని కూడా కొంత జరిగింది. 2018 జూన్‌లో పోయినవాళ్ల చెప్పులు, బూట్లు తెచ్చి శాన్ హువాన్ శాసనసభ భవనం ముందు వరసగా పెట్టారు, చాలావాటి మీద పేర్లు రాసిన చీటీలతో. అక్కడి పరిశోధనా విలేకరులు అసోసియేటెడ్ ప్రెస్, క్వార్ట్జ్ అనే వార్తాసంస్థలతో కలిసి వందల కుటుంబాలతో మాట్లాడి, ఎవరు ఎలా పోయారో పేర్లతో సహా రాశారు. శ్రీను గారూ, మీరడిగిన లెక్క అదేననుకుంటాను. అందులో చాలామంది వాణి గారి నాన్నలాంటి వాళ్లే.

విశాఖ_వాణి:
మన దగ్గర హుద్‌హుద్‌కి అలాంటిది ఎవరైనా చేస్తే మా నాన్న పత్రం, ఆ సెంటర్ పాత రసీదులు అన్నీ ఇస్తాను. దాచే ఉంచాను.

శ్రీను_టాంపా:
ఆ జాబితా చూస్తాను. పేర్లతో ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఫిబ్రవరి సంగతి మాత్రం ఒప్పుకోను.

కోనసీమ_కొబ్బరి:
శ్రీను గారూ, 96లో మాదీ ఆ పక్కనేనండి. మీ నాన్నగారు ఏ సెక్షన్‌లో చేసేవారు?