కార్డు మీద సీఎఫ్‌పీ అని ఉంటే నమ్మొచ్చా?

కిన్నెరసాని: నాన్నగారు స్కూల్ అసిస్టెంట్‌గా రిటైరయ్యారు. చేతికి 38 లక్షలొచ్చాయి. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్తానంటూ మర్నాటి నుంచే తెలిసినాయన ఒకాయన ఇంటికి రావడం మొదలుపెట్టాడు. కార్డు మీద పేరు పక్కన సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్ అట), కింద ఏఆర్‌ఎన్ నంబరు. ఫీజు వద్దంటున్నాడు. నాన్న "చదువుకున్నవాడురా" అంటున్నారు. అమ్మేమో "మన దగ్గర తీసుకోకపోతే ఇంకెక్కడో తీసుకుంటాడుగా" అంటోంది. ఆ అక్షరాలకి ఎంత విలువ ఇవ్వాలి?

మిర్చియార్డు: ముందు మీ అమ్మగారికి దండం. నేనూ ఏఆర్‌ఎన్ ఉన్న డిస్ట్రిబ్యూటర్‌నే, గుంటూరులో. అది మ్యూచువల్ ఫండ్లు అమ్ముకోడానికి ఇచ్చే నంబరు. దానికి రాసే పరీక్ష 100 మార్కులకి, రెండు గంటలు, 50 వస్తే పాస్. తప్పు రాసినా మార్కులు కొయ్యరు. నేను రెండు వారాలు చదివి రాశాను, అంతే. మీరు రెగ్యులర్ ప్లాన్‌లో, అంటే మాలాంటివాళ్ళ ద్వారా కొన్న ఫండ్‌లో, ఉన్నన్నాళ్ళూ ఫండ్ కంపెనీ నాకు కమీషన్ ఇస్తుంది. అందులో దాపరికం లేదు, కానీ నేను పూర్తిగా మీ తరఫు మనిషినంటే అబద్ధమే. అందుకే స్టాక్ మార్కెట్‌నీ ఫండ్లనీ నియంత్రించే సెబీ 2020లో మా బోర్డుల మీద 'అడ్వైజర్' అన్న మాట పెట్టుకోవద్దంది. (మా వీధిలో ఇంకా రెండు బోర్డులున్నాయి లెండి.)

మీ దగ్గర ఫీజు తీసుకుని సలహా చెప్పేవాళ్ళు వేరు. వాళ్ళ సెబీ నంబరు ఐఎన్‌ఏ అని మొదలవుతుంది, సెబీ సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. సీఎఫ్‌పీ చదువు గట్టిదే, కాదనను. కానీ చదువు వేరు, రిజిస్ట్రేషన్ వేరు.

భీమిలి అమ్మాయి: మా అత్తయ్యకి 72 ఏళ్ళు. ఎఫ్‌డీ చేయించడానికి బ్యాంకుకెళ్తే యులిప్ (బీమా, మార్కెట్ పెట్టుబడి కలిపిన పాలసీ) అంటగట్టారు. అమ్మినతను పరీక్ష పాసైనవాడే! మేం కాగితాలు చూసేసరికి పాలసీ వద్దని వెనక్కిచ్చే ఫ్రీ లుక్ గడువు దాటిపోయింది, ఇక ఐదేళ్ళ లాకిన్, అప్పటిదాకా డబ్బు చేతికి రాదు. ఎన్ని అక్షరాలున్నా సరే, "దీని మీద మీకెంత వస్తుంది?" అని అడగండి. రూపాయల్లో చెప్పించుకోండి, శాతాల్లో వద్దు.

కిన్నెరసాని: ఇవాళ వచ్చాడు, అడిగాను. "అది కంపెనీ చూసుకుంటుంది, మీకెందుకు సార్" అన్నాడు. ఐఎన్‌ఏ నంబరుందా అంటే "అవన్నీ హైదరాబాద్‌లో" అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు. మధ్యాహ్నం పోస్టాఫీసుకెళ్ళి సీనియర్ సిటిజన్ స్కీములో పరిమితి మేరకు 30 లక్షలు వేసొచ్చారు. మిగతా 8 లక్షలకి ఫీజు తీసుకునే మనిషి కావాలి. ఖమ్మం దగ్గర్లో ఎవరైనా ఉంటే చెప్పండి.