ప్రతిజనకాన్ని ‘సమర్పించడమా’, ‘పట్టి చూపడమా’?

యాంటిజెన్ ప్రెజెంటేషన్‌కు, అంటే రోగనిరోధక కణాలు గుర్తించేలా ప్రతిజనకపు (యాంటిజెన్) తునకను కణం తన పైపొర మీద చూపడానికి, ‘ప్రతిజనక సమర్పణ’ అన్న మాట సరిపోతుందా అని నిన్న ఒక సభ్యులు అడిగారు. సరిపోదని నా అభిప్రాయం. సమర్పణలో అర్పణ ఉంది. అర్పించినది ఇచ్చినవారి చేయి దాటిపోతుంది. కణం చేసేది అది కాదు. లోపల ముక్కలైన ప్రొటీన్‌లోంచి ఒక తునకను, సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాల పొడవున్నదాన్ని, హెచ్‌ఎల్‌ఏ అనే ప్రొటీన్ కుటుంబంలోని ఒకటో తరగతి అణువు తన గాడిలో బిగించుకొని కణం పైపొర మీద నిలబడుతుంది. రోగనిరోధక వ్యవస్థలోని టి కణం ప్రతిజనకాన్ని ఒక్కదాన్నే కాక, ఇలాంటి అణువునూ కలిపి గుర్తిస్తుందని శాస్త్రవేత్తలు జింకర్‌నాగెల్, డోహర్టీ 1974లో ఎలుకలపై చేసిన ప్రయోగాలతో చూపారు. ఆ కృషికి వారికి 1996లో నోబెల్ బహుమతి లభించింది.

‘ప్రదర్శన’ కొంత నయం గాని, అందులో పట్టు వినిపించదు. ఇక్కడ పట్టే ముఖ్యమని చెప్పడానికి ఒకటో తరగతి అణువుల్లో ఒక రకమైన హెచ్‌ఎల్‌ఏ-బి27 కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. దానిలో 27:05, 27:09 అనే రెండు రూపాలకు తేడా ఒక్క అమైనో ఆమ్లమే: 116వ స్థానంలో మొదటిదానికి అస్పార్టిక్ ఆమ్లం, రెండోదానికి హిస్టిడిన్. ఆ స్థానం గాడి అడుగున, తునక చివరను పట్టే గుంతలో ఉంది. టి కణం దాన్ని నేరుగా తాకదు. అయినా గుంత మారడంతో అందులో ఇమిడే తునకలు మారతాయి, తునక కూర్చునే తీరూ మారవచ్చు. వెన్నుపూసలు బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌తో 27:05కు గట్టి సంబంధం ఉండగా, సార్డీనియాలో కనిపించే 27:09కు అలాంటి సంబంధం కనబడలేదు.

అయితే తరతరాలుగా జనంలో ఉన్న ఇలాంటి తేడాలను ‘ఉత్పరివర్తనం’ (మ్యుటేషన్) అనడం కంటే ‘రూపభేదం’ (పాలిమార్ఫిజం) అనడం మేలు. తునకలను కణం లోపల హెచ్‌ఎల్‌ఏ అణువులు తయారయ్యే చోటికి చేరవేసే టాప్ ప్రొటీన్ జన్యువు పుట్టుకతోనే చెడడం, కొన్ని కంతి కణాల్లో, ఒకటో తరగతి అణువులో భాగమైన బీటా-2 మైక్రోగ్లోబులిన్ జన్యువు పాడై టి కణాలకు ఆ కణం కనబడకుండా పోవడం, ఇవి నిజమైన ఉత్పరివర్తనాలు. వీటిలో పట్టు మారడం కాదు, పట్టి చూపే పనే కుంటుపడుతుంది. అందుకే నామవాచకంగా ‘ప్రతిజనక ప్రదర్శన’ను ఉంచుకున్నా, క్రియగా ‘పట్టి చూపడం’ వాడాలని నా ప్రతిపాదన.