64 ఫ్రేముల దగ్గర చిటపట: గవర్నర్ మార్చినా పూర్తిగా పోవట్లేదు

తంబుర_శ్రుతి:
ఇంటెల్ ల్యాప్‌టాప్, ఉబుంటు స్టూడియో (లినక్స్), పైప్‌వైర్ (ఆడియో సర్వర్), యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. 48 కిలోహెర్ట్జ్, బఫర్ (ఒక్కసారికి ప్రాసెస్ అయ్యే ధ్వని ముక్క) 64 ఫ్రేములు. ఆర్డోర్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో గిటార్ ఆంప్ ప్లగిన్ వేస్తే చిటపట. డీఎస్‌పీ (ధ్వని ప్రాసెసింగ్ లోడు) మీటర్ 35 శాతం దాటదు. గవర్నర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సెట్టింగు) పెర్ఫార్మెన్స్‌లో పెడితే తగ్గుతుంది, ఛార్జర్ తీసి పెట్టగానే మళ్లీ మొదలు. రియల్‌టైమ్ కెర్నల్ (గడువు తప్పకుండా పని చేసేలా మార్చిన లినక్స్ కెర్నల్) తప్పనిసరా?

పాతకెర్నల్:
కరెంటు పొదుపు చూసే టీఎల్‌పీ గానీ పవర్ ప్రొఫైల్స్ డీమన్ గానీ మీ సెట్టింగును తిరగరాస్తోంది. రెండూ ఉంటే ఒకటి తీసేయండి. టీఎల్‌పీ ఉంచితే ఏసీకీ బ్యాటరీకీ విడివిడిగా గవర్నర్ రాయాలి. మీటర్‌ని నమ్మకండి, అది చూపేది సగటు. 64 ఫ్రేములంటే 1.33 మిల్లీసెకన్లు. సగటు లోడు తక్కువని ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, ఒక్క పీరియడ్ (ఒక బఫర్ సమయం) గడువు దాటినా చెవికి తెలిసిపోతుంది.

బఫర్_భీముడు:
పెర్ఫార్మెన్స్ దండగ. షెడ్‌యుటిల్ గవర్నర్ పెట్టండి. రియల్‌టైమ్ థ్రెడ్ (అత్యవసర ప్రాధాన్యం ఉన్న పని) లేవగానే అది గరిష్ఠ ఫ్రీక్వెన్సీ అడుగుతుంది.

పాతకెర్నల్:
ఆయన మెషీన్‌లో షెడ్‌యుటిల్ కనబడితే కదా! ఇంటెల్ పీస్టేట్ (వేగం నడిపే డ్రైవర్) యాక్టివ్ మోడ్‌లో ఉండేవి పెర్ఫార్మెన్స్, పవర్‌సేవ్ రెండే.

బఫర్_భీముడు:
బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే ఆప్షన్లు) పాసివ్ మోడ్ ఇస్తే వస్తుంది. లైవ్ షోలకు సిస్టమ్‌లు సెట్ చేయడమే నా పని, ఊరికే కొట్టిపారేయకండి.

పాతకెర్నల్:
మీ పని ఏదైనా కావచ్చు, సగమే చెప్తున్నారు. ప్లగిన్ తన సొంత థ్రెడ్లను మామూలు ప్రాధాన్యంతో నడిపితే వాటికి ఆ గరిష్ఠం దక్కదు. అసలు ఆడియో థ్రెడ్‌కి రియల్‌టైమ్ ప్రాధాన్యం వచ్చిందో లేదో కూడా మీరు అడగలేదు.

మృదంగం_మైక్:
ఇద్దరూ గవర్నర్ దగ్గరే ఆగిపోయారు. పెర్ఫార్మెన్స్‌లో ఉన్నా, పని లేని కోర్ సీ-స్టేట్‌లోకి (నిద్ర స్థితి) జారుతుంది. లోతైన స్టేట్ నుంచి లేవడానికి 100 మైక్రోసెకన్లు దాటే చిప్‌లున్నాయి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సెట్టింగుల ఫోల్డర్) సీపీయూ ఐడిల్ కింద ప్రతి స్టేట్‌కీ లేటెన్సీ (లేవడానికి పట్టే సమయం) ఉంటుంది, చదవండి. తర్వాత సీపీయూ డీఎంఏ లేటెన్సీ ఫైల్‌లో (లేవడానికి గరిష్ఠ పరిమితి, మైక్రోసెకన్లలో) 10 లేదా 20 రాసి, సెషన్ అయ్యేదాకా ఆ ఫైల్‌ని తెరిచే ఉంచాలి. మూస్తే కెర్నల్ ఆ పరిమితిని వదిలేస్తుంది. ఎకో కమాండ్‌తో రాసి పనిచేయలేదనేవాళ్లంతా ఇక్కడే తప్పుతారు. సున్నా మాత్రం రాయకండి, కోర్లు నిద్రే పోక ల్యాప్‌టాప్ బాగా వేడెక్కుతుంది.

వేడిగాలి:
వేడి మాటెత్తారు కాబట్టి: సన్నటి ల్యాప్‌టాప్‌లో టర్బో (తాత్కాలిక అదనపు వేగం) ఆపేయండి. పీస్టేట్ ఫోల్డర్‌లో నో టర్బో ఫైల్‌లో 1 రాయండి. కాసేపు ఎగిరి, వేడెక్కి పడిపోయే వేగం కన్నా నిలకడగా ఉండే తక్కువ వేగమే ఆడియోకి మేలు.

బఫర్_భీముడు:
టర్బో తీస్తే బరువైన ఆంప్ ప్లగిన్ 64లో ఎలా పడుతుంది?

వేడిగాలి:
పట్టకపోతే 128. 2.67 మిల్లీసెకన్లకి గిటార్ వాయించడం ఆగిపోదు.

కీబోర్డ్_కొత్త:
విండోస్‌లో దీనికి సమానమైనది ఏది?

మృదంగం_మైక్:
పవర్ ప్లాన్‌లో కనీస ప్రాసెసర్ స్థితి 100 శాతం. తప్పు ఏ డ్రైవర్‌దో లేటెన్సీమాన్ ప్రోగ్రామ్ చూపిస్తుంది. మిగతాది వేరే చర్చలో అడగండి.

తంబుర_శ్రుతి:
పవర్ ప్రొఫైల్స్ తీసేసి, లేటెన్సీ 20 పెట్టాను. పీడబ్ల్యూ-టాప్‌లో (పైప్‌వైర్ పనితీరు చూపే ప్రోగ్రామ్) ఈఆర్‌ఆర్, అంటే తప్పుల అంకె, ఆగింది. వైఫై ఆన్ చేస్తే మాత్రం అప్పుడప్పుడూ పెరుగుతోంది.

పాతకెర్నల్:
వైఫై ఆపి రికార్డ్ చేయండి. ఆపడం కుదరకపోతే బూట్ లైన్‌లో థ్రెడ్‌ఐఆర్‌క్యూస్ (పరికరాల పిలుపులను విడి థ్రెడ్లుగా నడిపే ఆప్షన్) ఇచ్చి, యూఎస్‌బీ కంట్రోలర్ థ్రెడ్ ప్రాధాన్యాన్ని వైఫైది కన్నా పైన పెట్టండి. రియల్‌టైమ్ కెర్నల్ గురించి ఆ తర్వాత ఆలోచిద్దాం.